పానా పట్టిన వాళ్ళందరినీ ఒకే గాటన కట్టకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ చెన్నై పేజీలో మార్పులు చేయించిన కార్ల మీద పోలీసుల తనిఖీల వార్త చదివాను. అదే రోజు సాయంత్రం మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన సంఘం వాళ్ళు ఒక కాగితం అతికించారు. "పార్కింగ్‌లో ఏ రకమైన వాహన రిపేరు పనీ చేయరాదు. చేసిన వారికి 2,000 రూపాయల జరిమానా." ఈ రెండూ ఒకే రోజు చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైనా దయచేసి పూర్తిగా చదవండి.

నాకు 47 ఏళ్ళు. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. వేళచ్చేరిలో కాపురం పెట్టి 16 ఏళ్ళు దాటింది. పుట్టింది నాయుడుపేటలో. నెల్లూరు నుంచి చెన్నై వచ్చే హైవే పక్కన మా నాన్నకు లారీ షెడ్డు ఉండేది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి తడికె మీద పడేసి షెడ్డులోనే కూర్చునేదాన్ని. ఏ నంబరు పానా అడిగితే అది అందించడం నా పని. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి బోల్టు తల చూసి పద్నాలుగో, పదిహేడో చెప్పగలిగేదాన్ని. నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం ఇది: "మొదటి మూడు చుట్లు వేళ్ళతోనే తిప్పాల పాపా. వేళ్ళకి తిరగని బోల్టు పానాకి తిరిగిందంటే మర పోయిందనే లెక్క." ఇప్పటికీ స్పార్క్ ప్లగ్ బిగించే ప్రతిసారీ ఆ మాట గుర్తొస్తుంది. ఇంజన్ పైభాగమైన అల్యూమినియం హెడ్‌లో మర పోతే ఎంత ఖర్చో తెలిసిన వాళ్ళకి ఆ మాట విలువ తెలుస్తుంది.

ఆ షెడ్డులోనే ఒక ఘోరం కూడా చూశాను. నాన్న దగ్గర పని నేర్చుకుంటున్న ఒక కుర్రాడు జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందకి దూరాడు. జాకీ పక్కకి జారింది. ప్రాణం దక్కింది గానీ మోకాలి కింద కాలు మిగల్లేదు. ఆ రోజు తర్వాత పక్కన దుంగలు పెట్టకుండా ఎవరు బండి కిందకి వెళ్ళినా నాన్న కొట్టినంత పని చేసేవాడు. నా దగ్గర ఈ రోజు రెండు జతల ఇనప స్టాండ్లు ఉన్నాయి. చక్రం విప్పితే ఆ చక్రాన్నే పడుకోబెట్టి కారు అంచు కిందకి తోస్తాను. స్టాండు కూడా జారితే కారు చక్రం మీద ఆగుతుంది, మనిషి మీద పడదు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, సొంతంగా రిపేరు చేసుకునే వాళ్ళంటే ఏమీ తెలియకుండా చెయ్యి పెట్టేవాళ్ళని మా సంఘం వాళ్ళు అనుకుంటున్నారు. మాలో చాలామందిమి భయం తెలిసిన వాళ్ళం.

నా కారు 2009 మోడల్ చిన్న పెట్రోలు బండి. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. 15 ఏళ్ళు నిండాక 2024లో ఫిట్‌నెస్ చూపించి, 5,000 రూపాయల ఫీజు కట్టి మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించాను. ఆ పరీక్షలో ఒక్క వంక కూడా పెట్టలేదు. పొగ పరీక్ష, బ్రేకులు, లైట్లు అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇంజన్ ఆయిలు, ఫిల్టర్లు, ప్లగ్గులు, ముందు బ్రేక్ ప్యాడ్లు, కూలెంట్, బ్యాటరీ, వైపర్లు, కిటికీ అద్దం మోటారు, ఇవన్నీ నేనే చూసుకుంటాను. క్లచ్ ప్లేటు, గేర్‌బాక్సు, ఏసీ గ్యాసు నా వల్ల కావు. వాటికి తరమణిలో నాకు తెలిసిన మేస్త్రి దగ్గరికి వెళ్తాను. ఎయిర్‌బ్యాగు జోలికి మాత్రం ఎవరూ వెళ్ళకూడదని చెప్తాను. పసుపు రంగు కనెక్టరు కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు వైర్లు కూడా అంతే.

ఇదంతా డబ్బు మిగుల్చుకోవడానికే అనుకోకండి. మిగులుతుంది, నిజమే. సర్వీస్ సెంటర్లో 5,200 అయ్యే ఆయిల్ మార్పిడి ఇంట్లో 1,900తో అయిపోతుంది. కానీ అసలు లాభం వేరే ఉంది. నా బండి చప్పుడు నాకు తెలుసు. చల్లగా ఉన్నప్పుడు ఎలా మోగుతుందో, ట్రాఫిక్‌లో వేడెక్కితే ఎలా మోగుతుందో తెలుసు. ఏదైనా తేడా వస్తే వారం ముందే పట్టుకుంటాను. 2021లో ఎడమ ముందు చక్రం దగ్గర సన్నటి కిచకిచ విని విప్పితే, లోపలి ప్యాడ్ దాదాపు ఇనుము దాకా అరిగిపోయి ఉంది. బయటి ప్యాడ్ మాత్రం సగం మిగిలే ఉంది. ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ జరగడానికి ఉండే పిన్ను తుప్పుపట్టి కదలడం లేదు. అంతకు ముందు నెలే ఒక సర్వీస్ సెంటర్లో "బ్రేకులు బాగున్నాయి" అని కాగితం మీద టిక్కు పెట్టి ఇచ్చారు. బయటి నుంచి చూస్తే బాగానే కనిపిస్తాయి మరి. విప్పిన వాళ్ళకే లోపలిది కనిపిస్తుంది. ఆ వారాంతం మా అమ్మను ఆ బండిలోనే తిరుపతి తీసుకెళ్ళాల్సి ఉంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆ బ్రేకు ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

2023 డిసెంబరు గురించి కూడా చెప్పాలి. మిగ్‌జాం తుపాను. 3వ తేదీ రాత్రి వాన తగ్గేలా లేదని అర్థమై పది గంటలకి టార్చి పట్టుకుని కిందకి దిగాను. అప్పటికే నీళ్ళు చీలమండ దాకా ఉన్నాయి. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ఊడదీసి పైకి వచ్చేశాను. తెల్లారేసరికి నీళ్ళు తలుపు అంచు దాటి లోపలి కార్పెట్ మీదకి వచ్చాయి. మూడు రోజులు అలాగే నిలిచిపోయాయి. కరెంటు లేదు, పాలు లేవు, మెట్ల మీద కూర్చుని నీటి గుర్తు ఎంత దిగిందా అని చూస్తూ గడిపాం.

నీళ్ళు తీసిన రోజు పొద్దున్నే మా బిల్డింగులో ఇద్దరు "స్టార్ట్ అవుతుందేమో చూద్దాం" అని తాళం తిప్పారు. నేను పరిగెత్తుకుంటూ దిగేసరికే ఆలస్యమైంది. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీటిని నొక్కలేదు. సిలిండర్‌లోకి నీళ్ళు చేరి ఉంటే పిస్టన్ పైకి రాలేదు, సెల్ఫ్ మోటారు బలానికి, ఇంజన్ ఊపుకి పిస్టన్‌కి తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఒకరి బండికి అదే జరిగింది. ఇంకొకరి బండి తిరిగింది గానీ ఆయిల్‌లో నీళ్ళు కలిసి అది పాల కాఫీ రంగులోకి మారిపోయింది. ఇంజన్ రక్షణకు విడిగా తీసుకోవాల్సిన కవరు వాళ్ళ పాలసీలో లేదు. నీళ్ళు తగిలాక స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన నష్టం మామూలు పాలసీ కిందకి రాదని చెప్పి బీమా వాళ్ళు చేతులెత్తేశారు. మొదటి ఆయనకి లక్షకు దగ్గరగా ఖర్చయింది. బడి పిల్లలకి పాఠాలు చెప్పుకునే మనిషి, పాపం, ఆ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారో నాకు తెలుసు.

నేను తాళం ముట్టుకోలేదు. ముందు ఆయిల్ మట్టం చూసే కడ్డీ (డిప్‌స్టిక్) తీసి చూశాను. ఆయిల్ నల్లగానే ఉంది, తెల్లదనం లేదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పాను, పొడిగా ఉంది. అయినా అనుమానం తీరక నాలుగు ప్లగ్గులూ విప్పి, క్రాంక్ పుల్లీకి పెద్ద సాకెట్ తగిలించి చేత్తో ఇంజన్‌ని రెండు చుట్లు తిప్పాను. ప్లగ్ రంధ్రాల్లోంచి చుక్క నీరు రాలేదు. అప్పుడు ఆయిలు, ఫిల్టరు మార్చి, కనెక్టర్లు ఒక్కొక్కటే ఊడదీసి ఆరబెట్టి, ఆ తర్వాతే టెర్మినల్ తగిలించాను. రెండోసారి సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. ఆ చప్పుడు విని నిజంగా ఏడుపొచ్చింది. వెనక బ్రేక్ డ్రమ్ములు విప్పితే దోసెడు బురద వచ్చింది. సీట్లు, కార్పెట్లు డాబా మీద నాలుగు రోజులు ఎండబెట్టాం. 200 కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ మళ్ళీ మార్చాను. గేర్‌బాక్స్ ఆయిల్ మేస్త్రి మార్చారు. అంతా కలిపి 7,400 రూపాయలు. ఆ నెలలో సర్వీస్ సెంటర్ల ముందు తాడు కట్టి లాక్కొచ్చిన కార్లు వరసగా నిలబడి ఉండటం మీ పత్రికలోనే ఫొటోలుగా వచ్చింది.

తర్వాతి వారం రోజుల్లో మా బిల్డింగులో ఐదు కుటుంబాల కార్లు ఇదే పద్ధతిలో చూశాను. ఎక్కడ? ఇప్పుడు "ఏ రకమైన పనీ చేయరాదు" అని కాగితం అతికించిన ఆ పార్కింగ్‌లోనే. ఆ కాగితం కింద సంతకం పెట్టిన వాళ్ళలో ఇద్దరి బండ్లు ఆ ఐదింటిలో ఉన్నాయి. కోపంతో ఈ మాట రాయడం లేదు. బాధ కలిగింది, అంతే.

ఆ నోటీసుకి కారణం లేకపోలేదు. దాన్ని దాచను. మా పై అంతస్తులో కడప నుంచి వచ్చిన ఒక కుర్రాడు అద్దెకుంటున్నాడు. 24 ఏళ్ళు, పెరుంగుడిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సెకండ్ హ్యాండులో 2012 మోడల్ కారు కొన్నాడు. అదంటే ప్రాణం. జీతం రాగానే దానికి ఏదో ఒకటి తగిలిస్తాడు. ముందు బంపరుకి ఇనప కడ్డీలు, అద్దాలకి నల్ల ఫిల్ము, వెనక లావుపాటి సైలెన్సర్. పోయిన నెల హెడ్‌లైట్లలో 60/55 వాట్ల (హై బీమ్ 60, లో బీమ్ 55) బల్బులు తీసేసి 100/90 వాట్లవి వేశాడు. రాత్రి 11 గంటలకి పార్కింగ్‌లో వెలిగించి చూసుకుంటుంటే బానెట్ సందుల్లోంచి పొగ వచ్చింది. వాచ్‌మన్ బకెట్టుతో నీళ్ళు పోశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పైన 32 కుటుంబాలు నిద్రపోతున్నాయి, చుట్టూ ట్యాంకుల నిండా పెట్రోలుతో కార్లు ఉన్నాయి. సంఘం వాళ్ళు భయపడ్డారు. భయపడాల్సిందే.

మర్నాడు పొద్దున నేను ఆ బానెట్ ఎత్తి చూశాను. హెడ్‌లైట్ హోల్డరు కరిగి బల్బుకి అతుక్కుపోయింది. ఫ్యూజ్ బాక్సు తెరిస్తే అసలు సంగతి బయటపడింది. 10 ఆంపియర్ల ఫ్యూజ్ ఉండాల్సిన చోట 30ది ఉంది. అడిగితే, "ఫ్యూజ్ ఊరికే పోతాంది ఆంటీ, అందుకే పెద్దది ఏసినా" అన్నాడు. ఎంత అమాయకంగా అన్నాడో! ఫ్యూజ్ పోవడమంటే ఆ వైరు తన శక్తికి మించి మోస్తున్నానని మొరపెట్టుకోవడం. 12 వోల్టుల మీద 60 వాట్లంటే 5 ఆంపియర్లు. 100 వాట్లంటే 8 దాటుతుంది, ఇంజన్ ఆన్‌లో ఉంటే వోల్టేజీ 14కి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఇంకా పెరుగుతుంది. కంపెనీ వేసిన సన్నటి వైరు, ప్లాస్టిక్ హోల్డరు ఆ కరెంటుకి తయారైనవి కావు. మొదట కాలాల్సింది ఫ్యూజు. దాన్ని కాలకుండా చేశాడు కాబట్టి హోల్డరు కాలింది.

ఆ కుర్రాడిని తిట్టడం సులభం. పోలీసులు పట్టుకుంటే జరిమానా వేస్తారు, సంఘం వాళ్ళు నోటీసు అతికిస్తారు. ఫ్యూజ్ ఎందుకు ఉంటుందో వాడికి చెప్పిన వాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. బల్బులు అమ్మిన దుకాణం వాడు చెప్పలేదు. వాడు చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో ఓమ్ సూత్రం మార్కుల కోసం చెప్పారు, కారు వైరుకి అది ఎలా పనిచేస్తుందో చెప్పలేదు. వాడికి కావాల్సింది ఏమిటని అడిగితే, "రాత్రిపూట కడప పోయేటప్పుడు రోడ్డు కనపడాల ఆంటీ" అన్నాడు. న్యాయమైన కోరికే కదా!

తర్వాతి శనివారం వాడిని వెంటబెట్టుకుని పుదుపేట వెళ్ళాను. మీ పాఠకుల్లో చూడని వాళ్ళుంటే ఒకసారి చూడాలి. ఎగ్మోర్ పక్కన, కూవం ఒడ్డున, ఒక సందులో అన్నీ తలుపులు, ఇంకో సందులో అన్నీ ఇంజన్లు, మరో సందులో గుట్టలుగా హెడ్‌లైట్లు. పాత కార్ల భాగాల్లో అక్కడ దొరకనిది చాలా తక్కువ. బిల్లు ఇవ్వని దుకాణంలో మాత్రం నేను ఏదీ కొనను. దొంగ బండి నుంచి వచ్చిన భాగం మన బండికి ఎక్కితే ఆ పాపం, ఆ పోలీసు టెన్షన్ రెండూ మనవే. అక్కడ 250 రూపాయలకి వైర్లతో సహా కంపెనీ హోల్డరు జత దొరికింది. అక్కడి నుంచి మౌంట్ రోడ్డు పక్కన జీపీ రోడ్డుకి వెళ్ళి రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చీలు), సరైన మందం వైరు, ఫ్యూజ్ హోల్డరు కొత్తవి కొన్నాం.

ఆదివారమంతా కూర్చుని వాడి చేతే పని చేయించాను. నేను పానా ముట్టుకోలేదు. బ్యాటరీ నుంచి నేరుగా రిలేకి వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు, స్విచ్చి నుంచి వచ్చే పాత వైరు రిలేని మీటడానికి మాత్రమే. బల్బులు మళ్ళీ 60/55 వాట్లవే వేయించాను. పచ్చబడిన హెడ్‌లైట్ అద్దాలని 800, 1500, 2000 నంబరు ఉప్పు కాగితాలతో నీళ్ళు పోస్తూ రుద్ది, పాలిష్ పెట్టించాను. ఆ రాత్రి గోడ మీద వెలుతురు చూసి వాడి మొహం చేటంత అయింది. పాత వైరింగులో దారిలోనే పోతున్న వోల్టేజీ ఇప్పుడు నేరుగా బల్బుకి అందుతోంది, అద్దం మసక పోయింది. ఎదురుగా వచ్చే వాళ్ళ కళ్ళలో కొట్టకుండానే రోడ్డు కనపడుతుంది. చట్టానికి ఏ ఇబ్బందీ లేదు. మొత్తం 1,600 రూపాయలు అయింది. కాలిపోయిన ఆ 100 వాట్ల బల్బులకే వాడు 1,800 పెట్టాడు.

మిగతా వాటి గురించి కూడా వాడికి ఒక్కొక్కటే చెప్పాను. బంపరు కడ్డీలు వద్దని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బని మింగాల్సిన ముందు భాగాన్ని ఆ కడ్డీ నలగనివ్వదు, దెబ్బ నేరుగా లోపలి మనిషికి చేరుతుంది, ఎయిర్‌బ్యాగు తెరుచుకునే సమయం కూడా తప్పొచ్చు. ఇంక నడిచే మనిషికి తగిలితే చెప్పక్కర్లేదు. నల్ల ఫిల్ముల మీద సుప్రీంకోర్టు తీర్పు 2012 నుంచి ఉంది. కడ్డీలు వాడే స్వయంగా ఊడదీశాడు. ఫిల్ము పీకేశాడు. సైలెన్సర్ దగ్గర మాత్రం రెండు వారాలు మొండికేశాడు. మా వీధి చివర ప్రసూతి ఆసుపత్రి ఉంది. ఒక రాత్రి ఆ గేటు దగ్గర వాడిని నిలబెట్టి, అలాంటి బండే ఒకటి వెళ్తుంటే విను అన్నాను. మర్నాడు పాత సైలెన్సర్ వెతుక్కుంటూ పుదుపేట వెళ్ళాడు.

ఇక చట్టం సంగతి. మీ వార్తలో "కార్లలో ఎలాంటి మార్పులు చేసినా నేరమే" అని ఒక వాక్యం ఉంది. అది సరి కాదు, దానివల్ల నాలాంటి వాళ్ళకి ఇబ్బంది వస్తోంది కాబట్టి సవరించమని కోరుతున్నాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పేది వేరు. ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి తేడాగా మారిపోయేలా బండిని మార్చకూడదు. మార్పు అంటే ఏమిటో కూడా అందులోనే ఉంది: బండి నిర్మాణం మారి, దాని మౌలిక లక్షణం మారిపోవడం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ మొదట ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చడం కుదరదనే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని భాగాలు తగిలిస్తే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. సీఎన్‌జీ కిట్‌కి, ఇంజన్ మార్పిడికి, రంగు మార్పుకి ఆర్‌టీఓ దగ్గర రాయించుకునే దారి ఉంది. ఇవన్నీ అవసరమైన నియమాలే. నేను ఒక్కదాన్నీ కాదనను. కానీ అరిగిన బ్రేక్ ప్యాడ్ తీసి అదే కొలత కొత్తది వేయడం, ఆయిల్ మార్చడం, ప్లగ్గు మార్చడం ఏ సెక్షన్ కింద నేరం? ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకునే మా సంఘం కార్యదర్శి "పేపర్లోనే రాశారు కదమ్మా" అని నాతో వాదించారు.

ఇంకో విషయం. మేం తెలియక తప్పు చేస్తున్నామంటే, తెలియనివ్వకుండా చేస్తున్న వాళ్ళ సంగతి కూడా అడగాలి. మా చెల్లెలి కారు 2019 మోడల్. ఇంజన్ లైటు వెలిగింది. సర్వీస్ సెంటర్లో ఇంజెక్టర్లు, పెట్రోలు పంపు మార్చాలని 24,000 అంచనా రాసిచ్చారు. నా దగ్గర 1,100 రూపాయల చిన్న బ్లూటూత్ స్కానర్ ఉంది. స్టీరింగ్ కింద, బండి కంప్యూటరు పట్టిన లోపాలు చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌లో పెడితే పీ0171 అనే కోడ్ వచ్చింది. పెట్రోలు పాళ్ళకన్నా గాలి ఎక్కువ పోతోందని దాని అర్థం. ఎయిర్ ఫిల్టర్ తర్వాత వచ్చే రబ్బరు గొట్టాన్ని వంచి చూస్తే అడుగున వేలెడు పగులు. గొట్టం 640 రూపాయలు. లైటు ఆరిపోయింది, మళ్ళీ వెలగలేదు. ఆ సెంటర్ వాళ్ళు మోసం చేశారని అనను, చూడలేదు అంటాను. కానీ ఆ గొట్టం ఎక్కడుందో, ఏ సెన్సర్‌కి ఎంత వోల్టేజీ రావాలో చెప్పే సర్వీస్ మాన్యువల్ మామూలు మనిషికి ఎందుకు దొరకదు?

ఇది నా ఒక్కదాని గోల కాదు. విడి భాగాలు, రోగం కనిపెట్టే పరికరాలు, మరమ్మతు సమాచారం బయటి మెకానిక్‌లకి అందనివ్వడం లేదని 2014 ఆగస్టులోనే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద 2,500 కోట్ల రూపాయలకి పైగా జరిమానా వేసింది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు కోసం కమిటీ వేసినప్పుడు ఎంచుకున్న రంగాల్లో వాహనాలు ఒకటి. ఆ డిసెంబరులో పోర్టల్ కూడా పెట్టారు. నేను వెతికితే నా కారు వైరింగ్ బొమ్మ అందులో దొరకలేదు. చెన్నైలో ఎన్నూరు లారీల దగ్గర నుంచి శ్రీపెరుంబుదూరు కార్ల దాకా తయారవుతాయి. ఒకప్పుడు స్టాండర్డ్ హెరాల్డ్ కార్లు కూడా ఈ మద్రాసులోనే తయారయ్యాయి. ఆ కార్లని ఇంకా కాపాడుకుంటున్న పెద్దవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు. వాళ్ళ దగ్గర నలిగిపోయిన మాన్యువల్ పుస్తకాలు ఉంటాయి, ప్రతి బోల్టు ఎంత బిగించాలో అందులో అంకె ఉంటుంది. ఇప్పటి బండ్లతో ఇచ్చే పుస్తకంలో చాలా చోట్ల "అధీకృత డీలరుని సంప్రదించండి" అనే మాటే.

మా సంఘం వాళ్ళ ఫిర్యాదుల్లో ఒకటి పూర్తిగా న్యాయమైనది: ఆయిల్ మరకలు. ఎవరో పాత ఆయిల్‌ని వాన నీటి కాలవలో పోశారు. నేను కాదు, కానీ పని చేసే వాళ్ళలో ఎవరో ఒకరు. మా కాలవల నీళ్ళు పళ్ళికరణై చిత్తడి నేలకి చేరతాయి. అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో 2022లో చేరిన నేల అది. కొంగలు, ఫ్లెమింగోలు దిగే చోటికి మన ఇంజన్ మడ్డి పంపడం మహాపాపం. వాడిన ఆయిలు చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం. నేను అట్ట పరిచి, వెడల్పాటి ట్రేలో పట్టి, ఐదు లీటర్ల డబ్బాలో పోసి మూత పెట్టి, రీసైక్లింగ్ వాళ్ళకి అమ్మే షెడ్డులో ఇస్తాను. ఇలా చేయని వాళ్ళకి 2,000 కాదు, 5,000 వేయండి. నేనే వసూలు చేసి పెడతాను.

సంఘానికి నేను అడిగింది కొంచెమే. పార్కింగ్‌లో వాన పడని ఒక మూల, గేటు దగ్గరి 14వ నంబరు ఖాళీ స్థలం. ఆదివారం పొద్దున 8 నుంచి 1 గంట దాకా. గోడకి ఒక అగ్నిమాపక సిలిండరు, ఒక ఇసక బకెట్టు. వెల్డింగ్, పెయింటింగ్, పెట్రోలు ట్యాంకు పనులు వద్దు. స్టాండ్లు లేకుండా ఎవరూ బండి కిందకి వెళ్ళకూడదు. చక్రం నట్లు టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) బిగించాకే బండి కదలాలి, ఆ రెంచి నాదే ఉంది, ఎవరైనా వాడుకోవచ్చు. సిలిండరు ఖర్చులో సగం నేను, సగం ఆ కడప కుర్రాడు ఇస్తామన్నాం.

మీ పత్రికకి ఒక మనవి. వంటకి, మొక్కలకి, బంగారం ధరకి మీరు ప్రతివారం చోటిస్తున్నారు. కారు గురించి కొత్త మోడళ్ళ ధరలు తప్ప ఏమీ రాదు. అర కాలమ్ చాలు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుందని, అందుకే రెండేళ్ళకోసారి మార్చాలని, ఫ్యూజ్ పోతే పెద్దది వేయకూడదని, నీళ్ళలో మునిగిన బండి తాళం తిప్పకూడదని తెలుగులో, షెడ్డుల్లో అందరూ మాట్లాడే మాటల్లోనే రాయించండి. 2024 అక్టోబరులో వాన హెచ్చరిక రాగానే మా వాళ్ళు వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద కార్లు వరసగా నిలిపేసి వచ్చారు. ప్రతి ఏడూ అదే భయం. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోపు కనీసం ఆ మునిగిన బండి సంగతి ఒక్కటి వేయండి. రాసేవాళ్ళు దొరక్కపోతే నేను రాసి పంపుతాను, డబ్బులేమీ వద్దు.

నోటీసు మీద చర్చ వచ్చే నెల రెండో ఆదివారం సంఘం సమావేశంలో ఉంది. అంతలోపు ఈ ఉత్తరం అచ్చయితే కత్తిరించి ఆ కాగితం పక్కనే అతికిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
వేళచ్చేరి, చెన్నై.
(నా పేరు ప్రచురించవద్దని మనవి.)